పైకామా పాఠమూ, మా అమ్మ ఇల్లూ

కామాలన్నీ గీత దగ్గర బుద్ధిగా కూర్చుంటే, ఇంగ్లీషులో ఒక్కటి మాత్రం అటకెక్కి కూర్చుంటుంది. దాని పేరు అపాస్ట్రఫీ. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి దానికి పైకామా అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఇప్పుడు అదే పేరు. ఈ ఏడాది ఆ పైకామాతోనూ, కెన్, మే, మస్ట్, షుడ్ అనే నలుగురు అన్నదమ్ములతోనూ నాకు చాలా సావాసం అయింది. అదెలా మా కన్నవారింటి దాకా వెళ్ళిందో ఇవాళ రాస్తాను. కాస్త పెద్దదే, వంట అయ్యాక చదువుకోండి.

నేను తెలుగు మీడియం. పదో తరగతి వరకు ఊళ్ళో బడి, ఇంటర్ టెక్కలిలో. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా పెళ్ళి చేసుకుని కోటబొమ్మాళి వచ్చేశాను. ఇప్పుడు పిల్లలకి లెక్కలు, సైన్సు, సోషలు పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో వేసి ఇస్తున్నారు, 2020 నుంచి. నాలాంటి తల్లులకి అది పెద్ద ఆసరా. అటు చూసి ఇటు చెప్పేయొచ్చు. ఇంగ్లీషు పుస్తకానికి మాత్రం ఎదురు పేజీ ఉండదు. అది మనమే తయారుచేసుకోవాలి. సాయంత్రం దీపం పెట్టి, బియ్యం ఏరుకుంటూ, దాని పక్కన కూర్చుని నేను తయారుచేసిన ఎదురు పేజీయే ఇది అనుకోండి.

ముందు ఎవరిది, దేనిది అని చెప్పే పాఠం. 'రాముస్ బుక్' అంటే రాము పుస్తకం. పేరు పక్కన పైకామా, దాని పక్కన ఎస్. బాలికలు చాలామంది ఉంటే 'గర్ల్స్' అని ఎస్ ముందే ఉంది కనక, దాని తరవాత ఒట్టి పైకామా పెడితే చాలు. 'చిల్డ్రన్'లో ఎస్ లేదు కనక మళ్ళీ పైకామా, ఎస్ రెండూ కావాలి. ఇక 'ఇట్స్' దగ్గర అంతా తిరగబడుతుంది. దాని తోక, దాని రంగు అనేటప్పుడు పైకామా ఉండకూడదు. పెడితే 'అది ఉంది, అది అయింది' అన్న అర్థం వచ్చేస్తుంది. ఈ ఒక్క ముక్క దగ్గర మా అమ్మాయి రెండు రోజులు అలిగింది. న్యాయమే. ఊరందరికీ ఒక రూలు పెట్టి, దీనికొక్కదానికి మినహాయింపేమిటి?

దానికి చెబుతుంటే మన భాష ఎంత పొదుపరో నాకు తెలిసింది. మనకి తోక అక్కర్లేదు. రాము పుస్తకం, సీత గాజులు, ఆవు పాలు. రెండు మాటలు పక్కపక్కన పెడితే రెండోది మొదటివాళ్ళది అయిపోతుంది. కొన్ని మాటలు మాత్రం లోపల కొంచెం మెత్తబడతాయి. ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి, పెరడు పెరటి, నోరు నోటి, కాలు కాలి. ఇంటి తాళం, పెరటి చెట్టు, కాలి పట్టీ. మా తెలుగు మాస్టారు వీటికి ఔపవిభక్తికాలు అని ఏదో పలకలేని పేరు చెప్పేవారు. పేరు నోరు తిరక్కపోయినా పుట్టిన ప్రతివాడికీ పని మాత్రం వచ్చు. మూడేళ్ళ పిల్లాడు కూడా 'ఇల్లు తాళం' అనడు.

'యొక్క' ఉంది కదా అంటారేమో. అది పుస్తకాల్లోనూ కాగితాల్లోనూ ఉంటుంది. మా అమ్మ యొక్క చీర అని నేను మా ఇంట్లో అంటే ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు.

ఇంకో సంగతి. ఇంగ్లీషువాళ్ళకి మనిషి సొత్తు వేరు, వస్తువు సొత్తు వేరు. మనిషికైతే పైకామా చక్కగా కుదురుతుంది, కుర్చీ కాలికైతే 'లెగ్ ఆఫ్ ద చెయిర్' అని చుట్టూ తిరిగి రావడం వాళ్ళకి ఎక్కువ అలవాటు. మనకి అన్నయ్య కాలైనా కుర్చీ కాలైనా ఒకటే. కానీ వాళ్ళు పట్టించుకోని ఒక దగ్గర మనం గట్టిగా పట్టించుకుంటాం. వాళ్ళ 'అవర్' ఒక్కటే. మనకి మా వేరు, మన వేరు. ఎదుటి మనిషిని కలుపుకుంటే మన, బయట నిలబెడితే మా. కొత్త కోడలితో అత్తగారు 'మా ఇంట్లో ఇలా చెయ్యం' అంటుందా, 'మన ఇంట్లో ఇలా చెయ్యం' అంటుందా అన్నదాన్ని బట్టి ఆ పిల్ల ఆ రోజు అన్నం తినడం ఉంటుంది. దీన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలో నాకైతే తోచలేదు.

ఆ పాఠం చివర ఒక చిన్న రూలుంది. ఇద్దరికి కలిపి ఒకే ఇల్లు ఉంటే పైకామా చివరి పేరుకి ఒక్కదానికే పెట్టాలి. ఎవరి ఇల్లు వాళ్ళదైతే ఇద్దరి పేర్లకీ పెట్టాలి. మా అమ్మాయి దానికి సొంత ఉదాహరణ రాసుకుంది, 'అమ్మమ్మ అండ్ మామయ్యస్ హౌస్' అని. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను.

మా కన్నవారిది వంశధార కాలవ కింద ఊరు, కోటబొమ్మాళికి దగ్గరే. మా నాన్న కష్టపడి కట్టిన ఇల్లు, మూడు గదులు, ముందు అరుగు, వెనక పెరడు. నాన్న పోయి మూడేళ్ళయింది. ఇంకా ఊరందరికీ అది నాన్న పేరుతోనే ఇల్లు. అమ్మ, తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలిద్దరూ ఉంటారు. తమ్ముడు మంచివాడు. నాన్న మంచాన పడితే విశాఖపట్నం ఆసుపత్రిలో నలభై రోజులు నేలమీద పడుకున్నవాడు. అది ముందే రాస్తున్నాను, ఎందుకంటే తరవాత రాసేది చదివి మీరు వాడిమీదకి వెళ్ళిపోకూడదు.

పైకామా అయ్యాక రెండో పాఠం మోడల్స్. ఇవి ఒక రకంగా ఇంగ్లీషులో సుఖమైన క్రియలు. షి గోస్ అనాలి గానీ షి కెన్స్ అనక్కర్లేదు. ఎవరు చేసినా కెన్ కెన్నే, మస్ట్ మస్టే. మనకీ కొన్ని అలాంటివే. నేను చెయ్యాలి, నువ్వు చెయ్యాలి, ఆవిడ చెయ్యాలి. చెయ్యొచ్చు, చెయ్యకూడదు కూడా అంతే, ఎవరు చేసినా మారవు. చెయ్యగలను, చెయ్యగలవు, చెయ్యలేను, చెయ్యలేవు మాత్రం మనిషిని బట్టి మారతాయి. చేతనవడం ఎవరి మటుకు వారిదే కదా.

పిల్లలు ఎక్కువ తడబడేది మస్ట్‌కి నాట్ తగిలించినప్పుడు. 'యూ మస్ట్ నాట్ గో' అంటే వెళ్ళకూడదు. 'యూ డోంట్ హ్యావ్ టు గో' అంటే వెళ్ళక్కర్లేదు. వెళ్ళొద్దనడం ఒకటి, వెళ్ళకపోయినా పర్లేదనడం ఇంకోటి. తెలుగులో ఆలోచిస్తే ఇందులో తికమకే లేదు, కూడదు, అక్కర్లేదు అని మనకి విడివిడిగా ఉన్నాయి. ఇంకో తిరకాసు మే. 'యూ మే స్టే' అంటే ఉండొచ్చు అని అనుమతి. 'ఇట్ మే రెయిన్' అంటే వాన పడొచ్చు, పడకపోనూవచ్చు. అనుమతికీ అనుమానానికీ ఇంగ్లీషులో ఒకటే మాట, మనకీ ఒకటే వచ్చు. ఈ పోలిక చూపిస్తే మా అమ్మాయి ముఖం వెలిగింది.

కెన్ దగ్గర మాత్రం నేనే కాసేపు ఆగిపోయాను. చెయ్యగలను అన్నదాంట్లో ఉన్న గల ఏమిటి? కలవాడు, కలవారి కోడలు అంటాం చూడండి, ఆ కల ఇదే. ఉండటం, కలిగి ఉండటం. కాదనేటప్పుడూ అంతే. నాకు ఇల్లు లేదు, నేను వెళ్ళలేను. లేదు, లేను ఒక వేరువే. ఇంగ్లీషులో సొత్తు ఒక పాఠం, చేతనవడం ఇంకో పాఠం. మనకి రెంటికీ ఒకే మొదలు. ఇంతకీ ఇంగ్లీషు 'హ్యావ్' లాంటి మాట మన దగ్గర లేనే లేదు. నాకు ఇద్దరు పిల్లలు, నా దగ్గర వంద రూపాయలున్నాయి, నాకు జ్వరం. పిల్లలూ డబ్బూ జ్వరమూ మన దగ్గరికి వచ్చి ఉంటాయి, అంతే. చదువు కూడా అంతే, నాకు ఇంగ్లీషు రాదు అంటాం. దానికి రావాలని లేదు, నేనేం చేస్తాను అన్నట్టు.

ఇలా సాగుతుండగా కొత్తమ్మ తల్లి జాతర వచ్చింది. మా ఊళ్ళో జాతరంటే మీకు తెలిసిందే, ఇంటినిండా చుట్టాలు. అమ్మా తమ్ముడూ వచ్చారు. భోజనాలయ్యాక తమ్ముడు ఫోన్ తీసి నాకు ఒక కాగితం పంపించాడు. డాక్యుమెంట్ రైటర్ రాసిచ్చిన నమూనా.

"మేడ మీద రెండు గదులు ఎయ్యాలప్పా. పిల్లలు పెద్దోలైపోతన్నారు. బేంకోలు లోనిస్తామన్నారు గానీ ఇల్లు నా పేరున ఉండాలంతన్నారు. నువ్వూ అమ్మా సంతకం పెట్టాల" అన్నాడు.

వాడు వెళ్ళి నిద్రపోయాక మా అమ్మాయి నన్ను నెమ్మదిగా అడిగింది, "అమ్మా, మామయ్య పెట్టాలి అన్నాడు కదా, అది మస్టా, షుడ్డా?"

నిజానికి తెలుగు ఆలిలో ఆ రెండూ ఉన్నాయి. నీళ్ళు ఎక్కువ తాగాలి, పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టాలి, పన్ను కట్టాలి. ఒకటి సలహా, ఒకటి మర్యాద, ఒకటి కట్టకపోతే ఊరుకోరు. గొంతుని బట్టి తెలుసుకోవాలి తప్ప మాటలో తేడా లేదు. మా తమ్ముడి గొంతులో నాకు వినబడింది ఇంకోటి. అప్ప ఎలాగూ పెడుతుంది అన్న ధీమా. ఆ ధీమా నాకు బాధగానూ ఉంది, ముద్దుగానూ ఉంది.

ఆ రాత్రి ఇద్దరం ఆ కాగితం చదివాం. "మా యొక్క తండ్రిగారగు", "సదరు గృహము", "ఎట్టి హక్కు భుక్తములు లేవని". ఇంట్లో ఎవరూ అనని యొక్కలన్నీ అక్కడ వరసగా కూర్చున్నాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. గిడుగు రామమూర్తి గారు మన జిల్లావారే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండి, కొండల్లో సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిన మనిషి. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఇటు బడుల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చి, పుస్తకంలో తెలుగు ఒకలా, జనం నోట్లో తెలుగు ఇంకోలా ఎందుకుందని సందేహపడితే, ఆ సందేహం గిడుగువారిని జీవితాంతం పట్టుకుంది. వారి పుణ్యాన బడిపుస్తకాలూ పత్రికలూ మన మాటలోకి వచ్చాయి. దస్తావేజులు మాత్రం ఇంకా రాలేదు. మా అమ్మలాంటి వాళ్ళ చేత వేలిముద్ర వేయించుకునే కాగితమే మా అమ్మకి అర్థం కాని తెలుగులో ఉంటుంది.

ఆ కాగితంలో ఏముందంటే, నేనూ అమ్మా మా హక్కులన్నీ తమ్ముడికి వదిలేస్తున్నాం. దాని కింద ఒక వాక్యం: మా తల్లిగారు సదరు గృహములో తన జీవితకాలము ఉండవచ్చును.

మా అమ్మాయి వేలు అక్కడ ఆగింది. "ఇది మే కదా అమ్మా. అంటే పర్మిషనా?"

ఎవరింట్లో ఎవరికి పర్మిషన్? ఉండవచ్చు అంటే ఇచ్చేవాడొకడు ఉండాలి. ఇచ్చినవాడు రేపు ఇవ్వకపోనూవచ్చు. మా తమ్ముడు అలాంటివాడు కాదు. కానీ కాగితం మా తమ్ముడి మంచితనాన్ని చూసి రాసేది కాదు కదా. వాడి తరవాత ఎవరో, అప్పు తీరకపోతే బ్యాంకు ఏమిటో.

మావారిని అడిగితే "అది మీ ఇంటి విషయం, నీ ఇష్టం" అన్నారు. మంచి మాటే. కానీ పదహారేళ్ళు ఈ ఇంట్లో ఉన్నాక కూడా అది మీ ఇల్లే. అక్కడికి వెళితే మరదలు "మీ ఇంటికాడ వానలెలా ఉన్నాయొదినా" అంటుంది. ఇంగ్లీషు పైకామా నాకు ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెబితే బాగుణ్ణు. సరే, అది ఇంకో రోజు రాస్తాను.

టెక్కలిలో మా దూరపు చుట్టం ఒకాయన వకీలు. ఆయన్ని అడిగితే వివరంగా చెప్పారు. ఇల్లు నాన్న స్వార్జితం, వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుక్కి, కూతురికి సమాన భాగాలు. అంటే మూడోవంతు అమ్మదే. పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లాడితో సమాన వాటా ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో, 1985 నుంచి అమల్లోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయితే మా ఇంటి సంగతికి అంత దూరం కూడా వెళ్ళక్కర్లేదు, పాత చట్టమే చాలు అన్నారు. నేను విన్నది ఒక్కటే. అమ్మ తన సొంత ఇంటిలో మూడోవంతు ఇచ్చేసి, అదే ఇంట్లో ఉండటానికి అనుమతి తీసుకుంటోంది.

అమ్మకి చెబితే కోప్పడింది. "ఓలమ్మీ, కొడుకుకాడ ఉండక నానెక్కడుంతాను? దానికి రాతేటి? నలుగురూ వింటే ఏటనుకుంతారు?"

"ఉండొద్దని ఎవరన్నారమ్మా. ఉండొచ్చు అని రాశారు. ఉండొచ్చు వేరు, నీది వేరు."

"నాదేటి, మీ నాన్నది."

అక్కడ నా దగ్గర మాట లేకపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ ఇంటి గోడలకి సున్నం కొట్టిన మనిషి. నోటి నుంచి నాది అన్న మాట ఎప్పుడూ రాలేదు, నాకు ఇంగ్లీషు రానట్టు. అప్పుడు మా అమ్మాయి నోట్సు తీసుకొచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది. తన ఉదాహరణ చూపించి, "ఇల్లు ఇద్దరిదీ కలిపైతే ఈ కామా ఒక్కసారే పెడతారమ్మమ్మా, చివర్న. కానీ ముందు నీ పేరు రాయాలి. రాయకపోతే ఇల్లు మామయ్యది ఒక్కడిదే" అంది. అమ్మ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాదు. "నా పేరేదే గుంటా?" అని అడిగి, వేలు పెట్టి చూపించుకుంది.

తమ్ముడితో మాట్లాడటానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఫోన్లో వద్దనుకుని బస్సెక్కి వెళ్ళాను. వాడు ముందు నొచ్చుకున్నాడు. "నా మీద నమ్మకం నేదా అప్పా?" అన్నాడు. నమ్మకం ఉన్నప్పుడే రాసుకోవాలిరా, అది పోయాక ఎవరూ రాయరు అన్నాను. మరదలు మాత్రం టీ ఇస్తూ, "అత్త పేరుంటే లోను రాదేటి?" అని సూటిగా అడిగింది. మంచి ప్రశ్న, అందరం దాన్ని వదిలేసి మనసుల గురించి మాట్లాడుకుంటున్నాం. మర్నాడు తమ్ముడే బ్యాంకుకి వెళ్ళి కనుక్కున్నాడు. ఆవిడ కూడా వచ్చి సంతకం పెడితే చాలన్నారట. అంతే సంగతి.

నా మూడోవంతు నేను వాడికి రాసిచ్చాను. ఎవరో పెట్టాలన్నారని కాదు. నలభై రోజులు నేలమీద పడుకున్నది వాడు, నేను కాదు. దీని మీద మీలో కొందరికి నా మీద కోపం రావచ్చు, ఆడపిల్లలు ఇలా వదిలేసే ఈ గతి పట్టింది అని. వాదన న్యాయమైనదే. కానీ నాది అని తెలిసి ఇచ్చాను, అది నాకు చాలు. అమ్మ భాగం మాత్రం అమ్మ పేరునే ఉంది. ఉండవచ్చును అన్న వాక్యం కొట్టేసి, "సదరు గృహములో మా తల్లిగారికి మూడవ వంతు హక్కు మరియు జీవితాంతము నివసించు హక్కు కలదు" అని రాయించాం. రైటర్ గారు "ఏదైనా ఒకటేనమ్మా" అన్నారు. ఒకటైతే మార్చడానికి ఇబ్బందేముంది సార్ అన్నాను.

రిజిస్ట్రారాఫీసుకి అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. వేలికి సిరా రాసే ముందు మనవరాలి చేత కాగితమంతా చదివించుకుంది, వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటున్నా సరే. యొక్కలూ సదరులూ అన్నీ ఓపిగ్గా విని, కలదు దగ్గర ఆపింది.

"కలదంతే ఉన్నట్టేనా?"

"ఉన్నట్టేనమ్మమ్మా."

"మరి పెరట్లో మునగసెట్టు మాటేటి? అది నాను నాటినాది. అది రాసినారా?"

హద్దుల్లో పెరడంతా వచ్చింది, చెట్టు అందులోకే వస్తుందని చెబితే అప్పుడు వేలు ముందుకు చాపింది.